బాలగేయ గ్రంథములలో చిత్రము: నామమా? క్రియయా?

1

మన లాక్షణికులు కావ్యమును దృశ్యమనియు శ్రవ్యమనియు రెండు తెగలుగా విభజించిరి. చూచి ఆనందింపదగినది దృశ్యము. విని ఆనందింపదగినది శ్రవ్యము. ఈ విభాగమునకు పూర్తిగా లొంగని కావ్యభేదమొకటి నేడు గృహములయందు వ్యవహారములో నున్నది. తల్లియో, తాతయో పసిబిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని బొమ్మలు గల గేయపుస్తకమును చదివి వినిపించునప్పుడు ఆ గ్రంథము శ్రవ్యమా, దృశ్యమా? బిడ్డకు అక్షరములు రావు. పెద్దల కంఠమునుండి వెలువడు గేయము వానికి శ్రవ్యము. పుటమీది చిత్రము దృశ్యము. అక్షరములు పెద్దల పాలు, చిత్రము బిడ్డ పాలు. ఒకే పుటను ఇరువురు, ఒకే సమయమున, రెండు విధములుగా చదువుచుందురు. ఇట్టి పఠనము మరి యే కావ్యమునకును లేదు.

బాలసాహిత్యమును గూర్చి మన విశ్వవిద్యాలయములలో పరిశోధనలు జరుగకపోలేదు. కాని ఆ గ్రంథములలోని చిత్రములను గూర్చి వ్రాయవలసి వచ్చినప్పుడు మనము 'చిత్రములు అందముగా నున్నవి' అను ఒక్క వాక్యముతో తృప్తి చెందుచున్నాము. గేయమునకు ఛందస్సు చూచుదుము, భాష చూచుదుము, నీతి చూచుదుము. చిత్రమునకు మాత్రము అందము చాలునందుము. ఆ అందమనగా నేమి? రంగుల మెరుపా? కాగితపు నునుపా? గేయమునకును దానికిని గల సంబంధమెట్టిది? ఈ ప్రశ్నలకు సమాధానము లేనిదే ఏ బాలగేయ గ్రంథమునైనను మంచిదనుటకు గాని, చెడ్డదనుటకు గాని మనకు అధికారము లేదు. అట్టి నిర్ణయమునకు పనికివచ్చు కొలమాన మొకదానిని ప్రతిపాదించుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

2

బాలగేయము పుస్తకమున పుట్టినది కాదు. అది ఇంటి వసారాలో, పెరటిలో, ఉయ్యాలవద్ద పుట్టినది. పుట్టినప్పుడు దానికి అక్షరములు లేవు గాని, చేతులున్నవి. చెమ్మచెక్కలో అరచేతులు అరచేతులను తాకును. ఒప్పులకుప్పలో ఇద్దరు బాలికలు చేతులు పట్టుకొని గిరగిర తిరుగుదురు. కాళ్ళగజ్జెలో పిల్లలు వరుసగా కాళ్ళు చాచి కూర్చుండగా ఒకరు తాళమునకు సరిగా ఒక్కొక్క కాలిని తాకుచు పోవుదురు. పాట ఎవరి కాలిమీద ముగియునో ఆ కాలు ముడుచుకొనును. ఈ పాటలలో మాట ఒక పాలు, చేష్ట ఒక పాలు.

భరతుడు అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములుగా చెప్పెను. ఇంటిపాటలో తల్లి కంఠము వాచికము. ఆమె చేతులు ఆంగికము. ఆమె ముఖమున బిడ్డను చూచి పొంగు భావము సాత్త్వికము. ఆహార్యమునకు అక్కర లేదు. చందమామయు, చెట్టును, పిల్లియు ఎదుటనే యుండును. ఈ పాట అచ్చులోనికి ఎక్కినప్పుడు నాలుగింటిలో ఒక్క వాచికము మాత్రమే, అదియు ధ్వని లేక, లిపిరూపమున మిగులుచున్నది. తక్కినవి ఎచ్చటికి పోయినవి? పుస్తకమున వానికి స్థానమున్నచో అది చిత్రమునందే యుండవలెను. ఇది మా వాదమునకు పునాది.

చిత్రమునకును అభినయమునకును గల ఈ చుట్టరికము మేము కల్పించినది కాదు. విష్ణుధర్మోత్తరపురాణము తృతీయఖండమున మార్కండేయుడు వజ్రునితో, నృత్తశాస్త్రము నెరుగనివానికి చిత్రసూత్రము బోధపడుట కష్టమని చెప్పియున్నాడు. చిత్రము ఆకారమును మాత్రమే కాక చలనమును గూడ పట్టవలయునని ఆ ప్రాచీనుల తాత్పర్యమని మేము గ్రహించుచున్నాము.

ఈ సందర్భమున మా దోషమొకటి చెప్పుకొనక తప్పదు. పరిశోధక విద్యార్థిగా నున్న దినములలో మేము ఒక గ్రామమున ఒక వృద్ధురాలివద్ద కొన్ని పిల్లలపాటలు వ్రాసికొంటిమి. అందొక పాటలో ఒక చరణమంతయు అర్థము లేని శబ్దములే. 'అర్థరహితములైన ధ్వనులు, కేవలము లయ కొరకు' అని వానిక్రింద వివరణ వ్రాసి, పాఠము కుదిరినదని సంతసించితిమి. పెక్కేండ్లకు ఒక చిత్రకారమిత్రుడు ఆ పాటలకు బొమ్మలు వేయదలచి మావద్దకు వచ్చి, 'ఈ చరణము పాడునప్పుడు ఆమె చేతులు ఏమి చేసినవి?' అని అడిగెను. మావద్ద సమాధానము లేదు. మేము చెవితో విని చేతితో వ్రాసితిమే గాని కంటితో చూడలేదు. ఆ తరువాత మరియొక ఇంట, ఇంచుమించు అవే శబ్దములకు ఒక అవ్వ మనుమని వ్రేళ్ళను ఒక్కొక్కటిగా మడచుట చూచితిమి. అర్థరహితములని మేము కొట్టివేసినవి లెక్కలు! మొదటి వృద్ధురాలు కూడ అట్లే చేసెనో, వేరు విధముగా చేసెనో ఇక తెలియు మార్గము లేదు; ఆమె అప్పటికే గతించినది. గేయమునకు బొమ్మ వేయుటయన్నది అలంకారముగా పైన అతికించు పని కాదనియు, పోయిన అభినయమును తిరిగి తెచ్చు పనియనియు మాకు తోచుటకు ఆ ప్రశ్నయే కారణము.

3

పిల్లల పుస్తకములలోని చిత్రములకు రెండు వంశములు గలవు. మొదటిది వాచకపు వంశము. 1658లో కొమీనియస్ అను విద్యావేత్త ప్రకటించిన 'ఆర్బిస్ పిక్టస్' దీనికి మూలపురుషుని వంటిది. అందు ప్రపంచములోని వస్తువులు చిత్రములుగా నుండి, వాని పేర్లు ప్రక్కన లాటిను భాషయందును దేశభాషయందును ఇయ్యబడినవి. అక్షరము ప్రక్క ఆవును, అరటిపండును చూపు మన వాచకములు ఈ వంశములోనివే. ఇట్టి చిత్రము 'ఇది యేమి?' అను ప్రశ్నకు జవాబు చెప్పును. దీనిని మేము నామచిత్రమని పిలిచెదము. రెండవది గేయపు వంశము. అందలి చిత్రము 'ఏమి జరుగుచున్నది? తరువాత ఏమగును?' అను ప్రశ్నలను రేకెత్తించును. ఇది క్రియాచిత్రము.

నామచిత్రము నింద్యము కాదు. మాటలు నేర్చు వయస్సున బిడ్డ వస్తువును వ్రేలితో చూపి పేరు చెప్పుటలో పొందు ఆనందము గొప్పది. కాని గేయము పేర్ల పట్టిక కాదు. దానికి నడక యున్నది, ఎత్తుగడ యున్నది, ముగింపు ఉన్నది. అట్టి గేయముప్రక్క నామచిత్రమును నిలిపినచో గేయము నడచిపోవుచుండగా చిత్రము నిలిచిపోవును.

ఒక్క ఉదాహరణము చూతము. చందమామను పిలుచు పాటలు తెలుగు ఇండ్లలో ఎరుగనివారు లేరు. వానికి వేయు బొమ్మ సాధారణముగా నెట్లుండును? నిండు చంద్రుడు, చంద్రునకు నవ్వుమోము, క్రింద ఒక బిడ్డ. ఇది నామచిత్రము. పాటలోని క్రియ 'పిలుచుట' కదా! పిలుచు చేయి ఏది? మరియు ఇంట జరుగు అసలు కార్యము పిలుచుట కూడ కాదు. బిడ్డ ఆకాశమువంక చూచి నోరు తెరచినంతనే తల్లి ముద్ద పెట్టును. పాట చంద్రునిది, పని అన్నముది. పాటలో వాచ్యము చంద్రాహ్వానము. ఆ సందర్భమున స్ఫురించునది తల్లి యుక్తియు, వాత్సల్యమును. బిడ్డ కన్ను మీదను, తల్లి చేతిలోని ముద్ద నోటిదగ్గరను ఉండునట్లు ఒక రేఖాచిత్రము వేసిన చిత్రకారుడు పాట చెప్పక విడిచినదానిని చెప్పినవాడగును. అట్టి బొమ్మను చూచి బిడ్డ తన్నే చూచుకొని నవ్వును.

ఆనందవర్ధనుడు ధ్వని లేని రచనకు చిత్రకావ్యమని పేరిడెను. అది కావ్యము కాదు, కావ్యమునకు అనుకరణము మాత్రమే యని అతని మతము. మన బాలగేయ గ్రంథములు పేరునకు తగినట్లు చిత్రకావ్యములే. అవి ఆనందవర్ధనుడు చెప్పిన అర్థమున గూడ చిత్రకావ్యములు కాకుండ చూచుకొనవలసియున్నది.

4

క్రియాచిత్రమునకు స్పష్టమైన నిదర్శనములు పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండునందు లభించుచున్నవి. ఎడ్మండ్ ఎవాన్స్ అను ముద్రాపకుడు రంగుల ముద్రణమున ఆరితేరినవాడు. వాల్టర్ క్రేన్, కేట్ గ్రీన్‌అవే, రాండాల్ఫ్ కాల్డెకాట్ అను ముగ్గురు చిత్రకారుల బాలగ్రంథములను అతడు ముద్రించెను. ముద్రాపకుడొక్కడే, కాలమొక్కటే, గేయములు కూడ చాలవరకు ఆ దేశపు పాత పిల్లలపాటలే. అందుచేత ఈ ముగ్గురిని పోల్చుట న్యాయము.

క్రేన్ 1877లో ప్రకటించిన 'ది బేబీస్ ఆపెరా'లో పాటకు స్వరలిపిని గూడ చేర్చి, చుట్టును లతలతో, బొమ్మలతో పుటను తివాచివలె అల్లెను. గ్రీన్‌అవే 1881లో వెలువరించిన 'మదర్ గూస్'లో పిల్లలు ముచ్చటైన పాతకాలపు దుస్తులలో, పువ్వుల నడుమ ఒద్దికగా నిలుచుందురు. ఈ రెండింటియందును అందమునకు లోపము లేదు. కాని ఆ అందములో పెద్దపాలు ఆహార్యమునకు చెందినది. కన్ను పుటమీద విశ్రమించును; ముందునకు సాగవలయునను తొందర దానికి కలుగదు.

కాల్డెకాట్ పద్ధతి వేరు. అతడు 1878 మొదలు 1885 వరకు ఏటేట రెండేసి చొప్పున పదునారు చిన్న పుస్తకములు వెలువరించెను. 1886లో నలువది యేండ్లు నిండకయే మరణించెను. నాలుగైదు పంక్తుల గేయమును అతడు ఒక పుటలో ముగింపడు. ఒక్కొక్క పంక్తిని, ఒక్కొక్కప్పుడు పంక్తిలో సగమును మాత్రమే ఒక పుటకిచ్చి, నడుమ మాటలు లేని బొమ్మలను చేర్చి, గేయమును గ్రంథమంతట పరచును.

1882లో వచ్చిన అతని 'హే డిడిల్ డిడిల్' చూడుడు. పిల్లి ఫిడేలు వాయించుట, ఆవు చంద్రునిపైగా దుముకుట, కుక్కపిల్ల నవ్వుట, పళ్ళెము చెంచాతో పారిపోవుట — ఇవి గేయములోని విషయములు. గేయము అంతటితో ముగిసినది. కాల్డెకాట్ మరియొక బొమ్మ వేసెను. అందు పళ్ళెము ముక్కలై నేలమీద పడియున్నది. చెంచాను కత్తియు, ముళ్ళచెంచాయు చెరియొక ప్రక్క నిలిచి తీసికొనిపోవుచున్నవి. వారు చెంచా తలిదండ్రులని చూపరులకు తోచును. గేయము చెప్పిన పలాయనమునకు ఫలితమేమో గేయకర్తకు అక్కర లేకపోయినది. బిడ్డకు మాత్రము అక్కర. 'తరువాత?' అను వాని ప్రశ్నకు చిత్రము జవాబిచ్చినది. నవ్వుతో మొదలైన పాట చివర చిన్న దుఃఖము తగులును, ఆ దుఃఖమును మరల నవ్వే కప్పును.

ఆ సంవత్సరమే వెలువడిన 'బేబీ బంటింగ్' జోలపాట మరింత సూక్ష్మమైనది. బిడ్డను చుట్టుటకు కుందేటిచర్మము తెచ్చుటకై తండ్రి వేటకు పోయెనని మాత్రమే పాట చెప్పును. చిత్రములలో ఆ తండ్రికి వేట దొరకదు. పట్టణమునకు పోయి అంగడిలో చర్మము కొని తెచ్చును! కడపటి బొమ్మలో ఆ చర్మము తొడిగికొన్న బిడ్డ తల్లితో షికారు పోవుచు, గట్టుమీద నున్న సజీవములైన కుందేళ్ళను చూచును. ఆ చూపులో నేమున్నది? తాను ధరించినది వారిలో నొకరి చర్మమేయని బిడ్డకు తెలిసెనా? కాల్డెకాట్ చెప్పడు. ఆ చూపునందలి కలవరమును మారిస్ సెండాక్ అను అమెరికా చిత్రకారుడు ప్రత్యేకముగ ప్రశంసించెను. మాట విడిచినచోట చిత్రము పలుకుటయు, చిత్రము విడిచినచోట మాట పలుకుటయు కాల్డెకాట్‌తోనే ఆరంభమైనవని అతని అభిప్రాయము. మన పరిభాషలో ఇది ధ్వనియే.

ఇక్కడ మరియొక సంగతి గమనింపదగినది: పుట త్రిప్పుట. సంస్కృత ఛందస్సున విశ్రామస్థానమునకు యతియని పేరు. కాల్డెకాట్ గ్రంథములలో పుట త్రిప్పుట అట్టి యతి. చదువువారి కంఠము క్షణకాలము ఆగును, బిడ్డ ఊపిరి బిగపట్టును, పుట తిరుగును. ఈ విరామమే ఇంటిపాటలో తల్లి చేయి పైకెత్తి, దింపుటకు ముందు ఆగు క్షణము. ఆంగికమును చిత్రకారుడు రేఖలోనే కాక గ్రంథనిర్మాణమునందును నిలుపగలడని దీనివలన తెలియుచున్నది.

5

పరదేశపు ఉదాహరణములు మనకేల యనువారికి వంగదేశమును చూపెదము. సుకుమార్ రాయ్ 1911లో ఇంగ్లండునకు పోయి ఫొటోగ్రఫీని, ముద్రణవిద్యను అభ్యసించి 1913లో తిరిగివచ్చెను. ఆ సంవత్సరమే అతని తండ్రి ఉపేంద్రకిశోరుడు 'సందేశ్' అను పిల్లల పత్రికను స్థాపించెను. సుకుమారుని 'ఆబోల్ తాబోల్' గేయసంపుటి, అతడు మరణించిన తొమ్మిది దినములకు, 1923 సెప్టెంబరు 19వ తేదీని వెలువడినది. గేయకర్తయు, చిత్రకారుడును అతడే.

అందు 'కిచిడీ' యను పేరుగల గేయమున బాతును, ముళ్ళపందియు కలిసి 'హాంస్‌జారు' అగును. కొంగయు, తాబేలును కలిసి 'బకచ్ఛప్' అగును. ఏనుగును, తిమింగలమును కలిసి 'హాతిమి' అగును. మొదటి మాట తోకయు రెండవ మాట తలయు ఒక్కటిగా పెనవేసికొన్నవి. తెలుగు విద్యార్థికి ఇది సంధి యని వేరుగ చెప్పనక్కరలేదు. ఐతే చెవికి సంధి ఐనది కంటికేమగును? సుకుమారుడు వేసిన బొమ్మలో ఒక జంతువు ముందుభాగమును, మరియొక జంతువు వెనుకభాగమును అతుకు కనబడకుండ కలిసిపోయినవి. సమాసమునకు విగ్రహవాక్యమువలె చిత్రము ఆ మాటను విప్పి చూపుచున్నది. మాటను మాత్రమే విన్నచో హాస్యము సగము. బొమ్మను మాత్రమే చూచినచో అదొక వింతమృగము. రెండును కలిసినప్పుడే బిడ్డ 'మాటలను ఇట్లు కలుపవచ్చునా!' అని విస్మయపడి, తాను కూడ కలుప మొదలిడును. ఇది వ్యాకరణమును ఆటగా నేర్చుట.

1930లో వెలువడిన రవీంద్రనాథుని 'సహజ్ పాఠ్' వాచకమునకు నందలాల్ బోసు లినోలియము పలకలపై చెక్కిన బొమ్మలు సమకూర్చెను. నలుపు తెలుపు తప్ప రంగు లేదు. వాచకమగుటచే నామచిత్రములే యుండునని మనము తలంతుము. కాని రవీంద్రుడు అచ్చులను వట్టి అక్షరములుగా నుంచక కర్తలుగా చేసెను. హ్రస్వ ఇకారమును, దీర్ఘ ఈకారమును కూర్చుండి తినుచుండును. అక్షరమే పని చేయుచుండగా చిత్రము ఊరకుండునా? వాచకమును గూడ క్రియాచిత్రములతో నింపవచ్చుననుటకు ఇది ప్రమాణము. అంతే కాదు: అందమనగా రంగులనియు, రంగులకు డబ్బు లేకపోవుటచేతనే మన పుస్తకములు ఇట్లున్నవనియు చెప్పువారికి ఇది సమాధానము. లోపము రంగుది కాదు, ఊహది.

6

ఇక తెలుగువారి సంగతి. మనకు గేయకర్తలు లేరా? గిడుగు వేంకట సీతాపతిగారు పిల్లల నాలుకకు లొంగు గేయములను రచించిరి. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్యగా, అక్కయ్యగా ప్రసిద్ధిగాంచి 1945లో 'బాల' పత్రికను స్థాపించిరి. మనకు చిత్రకారులు లేరా? బాపు చిన్ననాటి బొమ్మలు వెలువడినది ఆ 'బాల' పత్రికయందే. 1947 జూలైలో ఆరంభమైన 'చందమామ'లో చిత్ర, ఎం.టి.వి. ఆచార్య, శంకర్, వడ్డాది పాపయ్య మొదలగువారి కుంచెలు కథకు సమానమైన గౌరవమును బొమ్మకు సంపాదించినవి. 'చందమామ' చదివిన తరములకు విక్రముని భుజముమీది భేతాళుని తలచినంతనే మాట కంటె ముందు బొమ్మ గుర్తు వచ్చును. విక్రముడు నడచుచున్నాడు, భుజముమీద శవము వ్రేలాడుచున్నది, చేత కత్తి యున్నది. అది క్రియాచిత్రము.

అనగా మన చిత్రకారులకు క్రియ తెలియును. అది కథకు దక్కినది, గేయమునకు తగినంత దక్కలేదు. ఇందుకు కారణము గ్రంథనిర్మాణమున నున్నదని మా అభిప్రాయము. కథకు పుటలు ఇచ్చితిమి. గేయమునకు ఒక్క పుటను మాత్రమే ఇచ్చితిమి. మేము పరిశీలించిన తెలుగు బాలగేయ సంపుటములలో అధికభాగమున ఒక పుటలో గేయమంతయు అచ్చై, మీదనో క్రిందనో ఒక్క బొమ్మ యుండును. ఎనిమిది పంక్తులలో ఎనిమిది పనులు జరుగుచుండగా చిత్రకారుడు ఒక్క బొమ్మలో దేనిని చూపగలడు? అతడు గత్యంతరము లేక గేయములోని ముఖ్యవస్తువును చూపును. రైలుబండి గేయమునకు రైలుబండి, చిలుక గేయమునకు చిలుక. ఇట్లు నామచిత్రము పుట్టుచున్నది. దోషము చిత్రకారునిది కాదు, అతనికిచ్చిన చోటుది.

మన బాలగేయములు చాలవరకు మాత్రాఛందస్సులో, చతురస్రగతిలోనో, త్రిస్రగతిలోనో నడచును. తాళపు దెబ్బలు స్పష్టముగా నుండును. ఆ దెబ్బల ననుసరించి గేయమును విభజించి, ఒక్కొక్క ఆవృత్తమునకు ఒక్కొక్క పుటనిచ్చినచో బండి మొదటి పుటలో ప్లాట్‌ఫారముమీద నిలిచి, రెండవ పుటలో కదలి, మూడవ పుటలో వంతెన దాటి, నాలుగవ పుటలో సగము పుట బయటికి పోయియుండును. మిగిలిన సగమెచ్చట? పుట త్రిప్పవలెను! గేయములో ఒక్క అక్షరమైనను మార్చనక్కరలేదు. గతిని గుర్తింపగలిగినవాడు పుటను విభజింపగలడు. ఆ పని చేయదగినవారు తెలుగుశాఖలలో ఛందస్సు చదివినవారే. చిత్రకారునకును, మనకును నడుమ ఇంతటి సహజమైన స్నేహమునకు తావుండగా మనము దానిని వాడుకొనకపోవుట శోచనీయము.

7

ఇందుకు రెండు ఆక్షేపణలు కలుగవచ్చును. చిత్రము బిడ్డ ఊహను బంధించుననుట మొదటిది. గేయమును విన్న బిడ్డ తనకు తోచినట్లు ఊహించుకొనక చిత్రకారుని ఊహకు బానిస యగునని కొందరి భయము. నామచిత్రము విషయమున ఈ భయము కొంత సత్యమే. 'ఆవు ఇట్లుండును' అని చూపినచో మరి యే విధముగ ఊహింపవలెను? క్రియాచిత్రమునకు మాత్రము ముందు వెనుకలు ఉన్నవి. దుముకుచున్న ఆవు ఎచ్చటనుండి దుమికినది, ఎచ్చట దిగును అను ప్రశ్నలు బిడ్డవి. మా ఇంట నాలుగేండ్ల బాలికకు రెండు విధములైన పుస్తకములను చదివి చూచితిమి. మొదటిదానిలో ఆమె 'ఇది పిల్లి, ఇది పాలు' అని చూపి పుట త్రిప్పెను. రెండవదానిలో పుట త్రిప్పనీయక చేయి అడ్డము పెట్టి, 'నాన్నా, ఇదెక్కడికి పోతోంది? వాళ్ళమ్మకి చెప్పిందా?' అని అడిగెను. ఒక్క బిడ్డను చూచి సిద్ధాంతము చేయరాదని మేమెరుగుదుము. కాని ఆ ప్రశ్న గేయములో లేదు, చిత్రములోను లేదు. రెండింటి నడుమ పుట్టినది. ఊహ బంధితమైనచో ప్రశ్న పుట్టదు కదా!

రెండవ ఆక్షేపణ నేటి కాలమునకు చెందినది. కదలు బొమ్మలతో, సంగీతముతో సెల్‌ఫోను తెరమీదనే గేయములు లభించుచుండగా పుస్తకమేల? క్రియయే ముఖ్యమైనచో తెరమీది బొమ్మ కంటె క్రియావంతమైనదేది? ఈ ప్రశ్న బలమైనదే. సమాధానమిది: తెరమీద క్రియ ముగిసిపోయి యుండును, పుటమీద క్రియ ఆరంభమై ఆగియుండును. దానిని కదలించునది చదువువారి కంఠమును, బిడ్డ కన్నును. తెర బిడ్డకొరకు ఆగదు, పుట ఆగును. భరతుడు చెప్పిన నాలుగింటిలో వాచికమును తెర ఇయ్యగలదు, ఆంగికమును ఇయ్యగలదు, ఆహార్యమును సమృద్ధిగా ఇయ్యగలదు. సాత్త్వికము మాత్రము దానివలన కాదు. భయపెట్టు పంక్తివద్ద బిడ్డ చేయి గట్టిగా పట్టుకొన్నప్పుడు కంఠమును తగ్గించుట, నచ్చిన పంక్తిని మరల చదువుట, కావలెనని ఒక మాట తప్పు చదివి బిడ్డచేత దిద్దించుకొనుట — ఇవి యెదుటనున్న మనిషికే సాధ్యములు.

దీనివలన చిత్రమునకొక హద్దు గూడ ఏర్పడుచున్నది. చిత్రము అన్నియు చెప్పినచో పెద్దలకు చెప్పుటకేమియు మిగులదు. క్షేమేంద్రుడు చెప్పిన ఔచిత్యము ఇక్కడ అన్వయించును. కాల్డెకాట్ బొమ్మలలో తెల్లని ఖాళీ ఎంతయో యున్నది. ఆ ఖాళీ చదువువారి వ్రేలికి, బిడ్డ ప్రశ్నకు విడిచిన చోటు. పుటయంతయు రంగులతో నింపుట ఔదార్యము కాదు.

8

కావున బాలగేయ గ్రంథమును పరీక్షించువారు మూడు ప్రశ్నలు వేసికొనవలెనని మా మనవి. చిత్రము గేయములోని నామమును చూపుచున్నదా, క్రియను చూపుచున్నదా? గేయము చెప్పక విడిచినదానిని చిత్రము స్ఫురింపజేయుచున్నదా, చెప్పినదానినే మరల చెప్పుచున్నదా? చదువువారికిని, వినువారికిని తమ పాలు విడువబడినదా? ఈ మూడింటికిని తృప్తికరమైన సమాధానము లభించినచో ఆ గ్రంథము నలుపు తెలుపులలో, ముతక కాగితముమీద అచ్చైనను అందమైనదే. లభింపనిచో ఎన్ని రంగులున్నను అది వాచకపు పుటయే.

పరిశోధక విద్యార్థులకు మరియొక మాట. జానపద గేయములను సేకరించు సంప్రదాయము మనకు గొప్పది. ఆచార్య బిరుదురాజు రామరాజుగారి 'తెలుగు జానపద గేయ సాహిత్యము' 1958లో ప్రకటితమైనప్పటినుండి ఎందరో ఆ బాటలో నడచిరి. ఇక ముందు పిల్లలపాటను సేకరించువారు పాఠముతోపాటు చేష్టను గూడ నమోదు చేయవలెను. ఏ మాటకు ఏ చేయి లేచినది, ఏ దెబ్బకు ఏ వ్రేలు ముడుచుకొన్నది, బిడ్డ ఎచ్చట నవ్వినది — ఇవి పాఠాంతరములంత ముఖ్యములు. నేడు చేతనున్న పరికరములతో దృశ్యమును పట్టి యుంచుట సులభము. పాత పరిశోధకులకు ఆ సౌకర్యము లేదు. మాకు కన్నులున్నను చూడలేదు.

మేము వ్రాసికొన్న ఆ గేయము నేటికిని మా కాగితములలో నున్నది. 'అర్థరహితములైన ధ్వనులు' అను మా వివరణను కొట్టివేసితిమి. దానిస్థానమున ఏమి వ్రాయవలెనో తెలియదు. చిత్రకారమిత్రుడు ఆ పుటను తెల్లగానే యుంచెను. ఆ తెల్లదనమునకు బాధ్యత అతనిది కాదు. ఇట్టి తెల్లపుటలు ఇంకను ఎన్ని మిగులునో, అవ్వల చేతులు కదలుచుండగనే చూచి వ్రాసికొనువారిపై ఆధారపడియున్నది. ఈ విషయమును విజ్ఞులు పరిశీలింతురు గాక.